లాభం, రెండు

అంబాజీపేట కొబ్బరి కొట్టులో
పాత డాస్ పెట్టె పొగ కక్కి పోయింది.
కొత్తదాంట్లో లినక్స్ ఉంది.
తొంభై ఆరులో నేను రాసిన లెక్క ప్రోగ్రాముని
అందులోకి దాటించమన్నారు దంగేటి వారు.

ఏముంది, ఒక పూట పని అనుకున్నా.
ఒలిచిన కాయ రాశిలో పడ్డప్పుడల్లా
మట్టపర్తి మంగాయమ్మ పొడుగు మీట నొక్కుతుంది.
లాభం, రెండు, మూడు...
వేలు పడితే అంకె కదలాలి.
పాత పెట్టెలో గెట్‌చ్ అన్న ఒక్క మాటతో కదిలేది,
మధ్యలో ఎవరూ ఉండేవారు కాదు.

ఇక్కడున్నారు.
నలభై కాయలు పడ్డాయి. తెర మీద సున్నా.
"నా సెయ్యి దీనికి కనపడ్డం లేదేటండీ?"
ఎంటర్ కొట్టాను.
అన్నీ ఒక్కసారే దూకాయి: నలభై ఒకటి.
ఎంటర్‌ని కూడా కాయనుకుంది.

లాకుల్లో పడవల్ని ఇలాగే ఆపేవారు,
నీళ్ళు సమమయ్యేదాకా, తలుపు తీసేదాకా.
ఇదీ మంచికేనట,
తప్పు నొక్కితే చెరుపుకోవడానికి
వరసంతా పట్టి ఉంచుతుందట.
పడ్డ కాయని ఎవరు చెరుపుతారు?

మధ్యాహ్నం దాకా మాన్యువల్ తిరగేశాను.
వరస కోసం ఆగొద్దన్నాను.
నొక్కినదాన్ని మళ్ళీ చూపించొద్దన్నాను.
కనీసం ఒక్క అక్షరం. గడువు లేదు.
తలుపు తీసుకుంది.
మంగాయమ్మ వేలు, అంకె,
మంగాయమ్మ వేలు, అంకె,
పీచు దుమ్ములో ఆకుపచ్చగా.

మూడింటికి కూలిపోయింది, నా తప్పే.
ప్రోగ్రాము పోయింది గానీ
నేను తీసిన తలుపు తీసినట్టే ఉంది.
ఏం కొట్టినా తెర మీద అక్షరం లేదు,
మూగ నల్లదనం.
"తీసినోడు మూసెల్లాలి కదండీ" అంది,
నవ్వలేదు.

చూడకుండానే రీసెట్ అని కొట్టాను,
చీకట్లో గొళ్ళెం వెతికినట్టు.
అక్షరాలు తిరిగొచ్చాయి.
మొదలుపెట్టేముందే పాత అమరికని దాచుకుని
ఎలా పోయినా, కూలినా, చంపినా,
పోతూ పోతూ తిరిగి పెట్టి పొమ్మని
నాలుగు వరసలు అప్పుడు రాశాను.
ముందే రాయాల్సినవి.

లెక్క మాత్రం ఎక్కడా దాచలేదు.
రాశి అంతా మళ్ళీ మొదట్నించా?
దంగేటి వారు కండువా దులుపుతున్నారు.

మంగాయమ్మ తెరకేసి చూడలేదు.
"ఆరొందల పన్నెండు కాడున్నాం, ఎయ్యండి."
ఎప్పట్నించి నోట్లో పెట్టుకుందో,
ఏ మీటా నొక్కకుండా.

నేను ఆ అంకె వేశాను.
కాయ పడింది.
ఆరొందల పదమూడు.