దిగే టైము

కరెంటు బిల్లు వెనుక రాసుకుంటున్న.
నీళ్లు: మనిషికి నాలుగు లీటర్లు.
ఉప్పు, బెల్లం, నిమ్మకాయలు ఆరు.
టార్చి. టార్చికి సెల్లులు. ఆ సెల్లులు పోతే ఇంకో జత.
సుగుణ నా భుజం మీదికెళ్లి తొంగిచూసి
"మన పెండ్లికి గూడ ఇంత రాయలె గదా" అన్నది.

దవాఖానల లిఫ్టు నడపవట్టి ఇరవై ఆరేండ్లు.
కింద, ఒకటి, రెండు, మూడు.
మూడు మీద స్లాబు, స్లాబు మీద నీళ్ల ట్యాంకి,
దాని మీద ఏముంటదో నాకు తెల్వదు.

ఎలుగుబండ గుట్ట రెండువేల అడుగులుంటదని
ఎవరో చెప్తే లెక్కేసిన:
అంతస్తుకు పన్నెండు, మొత్తం ముప్ఫై ఆరు,
యాభై ఐదు సార్లు కింది నుంచి మీదికి, ఇంకింత.
ఒక్క షిఫ్టుల అంతకన్న ఎక్కువే ఎక్కినోణ్ణి,
స్టూలు మీద కూసోని.

నెల సంది మెట్లమీదికెళ్లి పోతున్న.
వీపుకు సంచి, సంచిల ఐదు లీటర్ల డబ్బా.
ఎదురొచ్చినోళ్లది ఒకటే అడుగుడు:
"లిఫ్టు ఖరాబైందా, వీరసోమన్నా?"

ఐతారం ఐతారం పద్మాక్షి గుట్ట.
మొదటి వారం మోకాలు గునిసింది.
రెండో వారం తిట్టింది.
మూడో వారం ఊకున్నది, అదే నాకు భయం.

పోయేది ముగ్గురం.
రబ్బానీ: స్ట్రెచరు నెట్టి నెట్టి రాయైన చేతులు,
కాని ఎత్తు మీదికెళ్లి కిందికి చూడలేడు.
మేరీ సిస్టరు: వచ్చే మార్చిల రిటైరు,
వార్డుల ఆమె నడక అందుకోను
చదువుకునే డాక్టరు పోరలు ఉరుకుతరు.
తాడ్వాయి అవుతల పూనెం సింగయ్య తొవ్వ జూపిస్తనన్నడు.

ఫోన్ల అడిగిన, ఎంత దూరమని.
"రెండు వాగులు, వెదురు, ఎండిన ఒర్రె,
ఆ మీదికెళ్లి చేతులతోటి ఎక్కుడు."
ఎంత సేపు?
"మీ నడక చూడక ఎట్ల చెప్త?"
కొంచెం ఆగి ఆయనే అడిగిండు:
"ఎక్కడిదాంక పోవాలె సారూ?"

ఇరవై ఆరేండ్లు నేనడిగిన మాట అది.
బాలింతనడిగిన, గుండె పట్టుకున్న పెద్దమనిషినడిగిన,
టిఫిను డబ్బాతోటి తొవ్వ తప్పిన పోరగాణ్ణడిగిన.
నన్నెవరూ అడగలె.
"చెప్త" అని ఫోను పెట్టేసిన.

మేరీ సిస్టరు చిట్టీ గుంజుకొని
ఎర్రపెన్నుతోటి నడుమల రాసింది: పన్నెండున్నర.
"అప్పుడు ఎక్కడుంటే అక్కడ్నించే మర్లుడు.
కొన పది అడుగులున్నా సరే."
రబ్బానీ నవ్విండు. ఆమె నవ్వలె.
డిసెంబరు పొద్దు, ఐదున్నరకే అడవిల చీకటి.
దిగను ఎక్కినంత సేపు, మోకాళ్లకు ఇంకింత.

నాకు ర్యాంపు యాదికొచ్చింది.
నా లిఫ్టుల మీదికి పోయినోళ్లల్ల కొందరు
వెనుక ర్యాంపు దిక్కుకెళ్లి దిగిండ్రు, తెల్లబట్ట కప్పుకొని.
నేను చూడలె.
తలుపు మూసి కిందికొచ్చి
ఇంకొకలనడుగుతున్న, ఎక్కడిదాంక అని.
పన్నెండున్నర కింద గీత గీసిన. ఇంకో గీత.

రేపు ఈ యాల్లకు సింగయ్య అరుగు మీద పండుకుంటం,
ఎల్లుండి నాలుగింటికి లేస్తం.
ఫారెస్టోళ్ల కాయితం అంగి జేబుల పెట్టిన,
అంగి మార్చి మళ్ల పెట్టిన.
సుగుణ జొన్నపిండి జల్లిస్తున్నది.
"వానొస్తే?" అన్నది, జల్లెడ ఆపకుండ.

డిసెంబర్ల వానేందని అనబోయి
కిటికీలకెళ్లి చూసిన.
ములుగు దిక్కు ఒక్క చుక్క లేదు.

వెనుక జాగ అయిపోయింది. బిల్లు తిప్పిన.
కట్టాల్సిన ఆఖరి తారీకు పక్కన
వేలెడంత తెలుపు.
'వానొస్తే' అని రాసిన.
దాని ఎదురుంగ ఏం రాయాల్నో
పెన్ను పట్టుకొని కూసున్న.