ఆరో గది

గంటస్తంభం వెనక సందులో నా కొట్టు.
పలాస బండి దిగి పొద్దున్నే వచ్చాడు తామాడ లోకనాథం,
గుడ్డసంచిలో పెట్టె పట్టుకుని.
"ఎంతొత్తాదో సెప్పండి బాబూ" అన్నాడు
కూర్చోకుండానే.

ధర అంత తొందరగా నోటికి రాదు.
ముందు లైసెన్సు. తర్వాత పెట్టె.
మూత మీద నంబరు, గొట్టం కింద నంబరు,
కాగితం మీద నంబరు
మూడూ ఒకటే కావాలి: నూట పదిహేడు.
రెండొందల యాభై చేసి అచ్చు విరగ్గొట్టేశారట.
ఇక పుట్టదు.
పుట్టనిదానికే మా బజార్లో విలువ.

నల్లచేవ పిడి. దాని మీద ఇత్తడి తీగతో నెమలి,
తోకలో ఒక కన్ను ఊడింది, రాసుకున్నాను.
ఉప్పుగాలి తిన్న చుక్కలు రెండు, రాసుకున్నాను.
అడుగున రబ్బరుబేండు వేసిన రసీదులు,
ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్లో అప్పగించినవి.
అదీ మంచిదే.
పేలని తుపాకీకే మావాళ్లు ఎగబడతారు,
మడత విప్పని పట్టుచీరకి ఎగబడ్డట్టు.

గొట్టంలో తెల్లకాగితం ముక్క దూర్చి
కిటికీ వెలుగుకి పట్టాను.
సిలిండరు తిప్పాను.
ఐదు గదులు గృహప్రవేశం కానివి.
ఆరోదాని గోడకి మసి.

"పేల్చారా?"

అప్పుడు కూర్చున్నాడు.
"ఒక్కపాలి. ఉద్దానంలో, మా జీడితోటలో.
పళ్లు రాలే రోజులు.
దమయంతని కూలీ మనిషి పిక్కలేరతంది.
ఎలుగొడ్డు, రెండు కాళ్ల మీద లెగిసి
ఎదురుగా నిలబడిపోనాది.
గాల్లోకే కాల్సినాను బాబూ.
అదెలిపోనాది.
ఆ మనిషి మాత్రం కూలబడినసోటు నించి
గంటసేపు లెగలేదు."

ఒక్క తూటాకి ధర సగం.
ఆ మాట ఎలా చెప్పాలా అని
లెన్సు తుడిచాను, ఇంకోసారి తుడిచాను.
అతని ఎడమ ముంజేతి మీద
సూదులు దిగి దిగి ఉబ్బిన నరం.
ఉద్దానం మనిషి. అడగలేదు.
వారానికి రెండుసార్లా, మూడా అని
లోపల నేనే లెక్కేసుకున్నాను.

"మసి పోగొట్టే మందుంది నా దగ్గర"
అన్నాను, గొంతు తగ్గించి.
నలభయ్యేళ్లలో ఎవరితోనూ అనలేదు ఆ మాట.
"ఒక్కపూట పని. కొనేవాడి తాతకి కూడా తెలీదు."

లోకనాథం నెమలి వైపు చూశాడు,
ఊడిన కంటి వైపు.
"ఏటా తొలి పిక్కలు ఒక మానెడు అట్టుకొచ్చి
మా గుమ్మంలో ఎట్టీసి ఎలిపోద్ది బాబూ.
మాటాడదు.
దాన్నేటెట్టి తుడుత్తారు?"

సగం ధరే రాశాను.
లోపాల గడిలో: ఒక గది వాడబడింది.
అంతకన్నా రాయడానికి ఆ గడిలో చోటు లేదు.
అతను అంకె చదివి, తల ఊపి,
తిరుగు బండి ఎన్నింటికని అడిగాడు.

పెట్టె మూసే ముందు
సిలిండరు మెల్లగా తిప్పి
ఆరో గదిని పైకి తెచ్చి పెట్టాను.
కొనేవాడు మొదట దాన్నే చూడాలి.