అందని చెవి

పాలమూరు కోర్టు ముందట రేకుల షెడ్డు కింద
అడ్మిషన్ రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూచున్న.
రిటైరై ఆరేండ్లాయె.
దీని అట్ట ఊడింది గాని
నా అక్షరం చెక్కుచెదరలే.

వరుస నంబరు నలభై ఒకటి.
కావలి కురుమూర్తి, తల్లి సవారమ్మ.
పుట్టిన తేదీ జూన్ పది.
పైన నలభయ్యోడు సుత జూన్ పదే,
కింద నలభై రెండో పిల్లా అంతే.
ఆ ఏడు మా బడి పిల్లలంతా
ఒక్కటే పొద్దుకు పుట్టిండ్రు.
కాన్పు చేసింది నా పెన్ను.

ఎన్నడు పుట్టిండమ్మా అని అడిగితే సవారమ్మ అన్నది:
"భీమండిల ఆరో అంతస్తు స్లాబు పోసిన్నాడు సారూ.
మేస్త్రి సగం కూలి కోసిండు, గది యాదికుంది."
స్లాబుకు తారీఖు ఉండదు.
పిలగాణ్ని దగ్గరికి పిలిచి
కుడిచెయ్యి నెత్తి మీదికెల్లి తిప్పి
ఎడమ చెవి పట్టుకొమ్మన్న.
అందలే.
మెడ వంచిండు, నాలుక కరుచుకున్నడు,
మునివేళ్ల మీద లేచిండు,
చెవి తన తలకే ఉన్నదని మరిచి.
అందరు నవ్విరి. నేనూ నవ్విన.
మధ్యాహ్నం గంట కొడితే అన్నంల గుడ్డు వస్తది,
వచ్చే నెల అవ్వ మళ్లా భీమండి బస్సెక్కుతది,
ముసల్ది కండ్లు కానరానిది...
అయిదు నిండినయని రాసిన.
ఒక సంవత్సరం అప్పిచ్చిన.
అప్పు నాది,
ఇయ్యాల వసూలు వాని కాడ.

జూన్ పందొమ్మిది రాత్రి
బోరుమోటరు రాగితీగకు పోయినోళ్లు ముగ్గురు.
ఇద్దరు కోసిండ్రు, వీడు సెల్లు లైటు పట్టిండు.
నా రిజిస్టరు లెక్కన
పద్దెనిమిది మీద తొమ్మిది రోజులు.
తొమ్మిది రోజుల పెద్దమనిషి.

వకీలమ్మ నుస్రత్ పక్కకొచ్చి కూచుని
చట్టం పుస్తకంల వేలు నడిపిస్తున్నది,
కొత్తోనికి తొవ్వ చెప్పినట్టు:
"మొదలు బడి కాయితం చూస్తరు సార్.
అది లేకుంటే పంచాయతీ పుట్టుక పత్రం.
రెండూ లేకుంటే డాక్టరు ఎముకలు చూస్తడు."
పద్దెనిమిది లోపైతే తొవ్వే వేరంట.
బేడీలు వేయొద్దు, లాకప్పుల పెట్టొద్దు,
పోలీసు ఖాకీ బట్టల మాట్లాడొద్దు,
పేరు పేపర్ల ఎక్కొద్దు,
నేరస్తుడనే మాటే వాడొద్దు.
ఇంత మెత్తటి మాటలు చట్టంల ఉన్నయని
ముప్పై రెండేండ్లు పౌరశాస్త్రం చెప్పిన నాకు తెల్వదు.
"మరి మొదలు చూసే కాయితమే తప్పైతే?" అన్న.
ఆమె పేజీ తిప్పలే.

వాణ్ని తెచ్చిండ్రు.
మీసం ఇంకా పెన్సిలు గీత లెక్కనే ఉంది.
నన్ను చూడంగనే
కానిస్టేబులు పట్టుకున్న చెయ్యి గుంజుకోబోయిండు,
నమస్తే పెడదామని.

లోపల జడ్జి సారు రిజిస్టరు తిప్పి చూసిండు.
"ఈ చేతిరాత మీదేనా?"
నాదే.
"తేదీ?"
తప్పు సార్.
"ఏ ఆధారంతో రాశారు మరి?"
ఆధారం.
గొంతు పెగల్లే.
అరవై నాలుగేండ్ల నా కుడిచెయ్యి
దానంతటదే లేచి
నెత్తి మీదికెల్లి పోయి
ఎడమ చెవి పట్టుకుంది.
"ఇట్ల అందలే సార్, వానికి."

ఎవరో నవ్వబోయి ఊకుండ్రు.
దీన్ని ఎట్ల కొట్టాల్నో తెల్వక
టైపు మిషను మీద వేళ్లు ఆగినయ్.
వెనక బెంచీల సవారమ్మ
వేళ్ల గణుపుల మీద స్లాబులు లెక్కపెడుతున్నది,
నాలుగోది, అయిదోది,
ఆరోది.