గంట వైపు

గోడ గడియారంలో బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాను.
పొయ్యిలో పిడకల చిటపట. మూతేశాను.
బయట బూబూసారా గుర్రం కళ్ళెం నములుతోంది,
దానికి మాత్రం ఏం చెప్పగలను?

జూన్ మొదటి వారం.
మందలు పైకెక్కే ముందు
నరిన్ లోయ పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ చూసి పంపడం
ముప్పయ్యొక్కేళ్ళుగా నా పని.
బరువు, పళ్ళు, పేలు, గొంతు.
చివర్న గుండె.

తెమిర్‌లాన్‌కి పదమూడు.
వచ్చే నెల పందెంలో ఇరవై కిలోమీటర్లు
జీను లేకుండా ఉరికిస్తాడట.
చొక్కా విప్పమంటే సిగ్గు, చల్లని లోహం తగిలితే చక్కిలిగిలి.
ఆ నవ్వు అణిగేదాకా కూచున్నాం.
నవ్వుతున్న గుండె ఏదీ చెప్పదు.

ముందు నుర్‌జామల్ విన్నది.
కొత్త పిల్ల, నగరంలో చదివొచ్చింది, పద్ధతి తప్పదు.
కుడివైపు రెండో పక్కటెముక సందు,
అదే సందు ఎడమన,
రొమ్ముటెముక అంచు పట్టుకుని కిందికి,
ఆఖర్న గుండె మొన.
మరో చేతివేళ్ళు మెడ నాడి మీద.
"శుభ్రంగా ఉందక్కా" అని
కాగితం మీద ముద్ర వెయ్యబోయింది.

నా చెవులకి అరవై దగ్గరపడ్డాయి.
పిచ్చుక పోయింది నాకు. మనవరాలి ఈల పోయింది.
మిగిలినవి అడుగున పాకే చప్పుళ్ళే,
లారీ, ఉరుము, వాగులో దొర్లే రాయి.
ముద్ర ఆపి, ఓసారి నేనూ వింటానన్నాను.

ఎడమ పక్కకి ఒత్తిగిల్లు నాయనా.
ఊపిరి వదిలెయ్. వదిలి, అలాగే ఉండు.
గొట్టం గంట వైపు తిప్పి
మొన తట్టే చోట, నాణెమంత మేర.

లబ్.
మరీ గట్టిగా, గాలికి తలుపు పడ్డట్టు.
డబ్.
వెంటనే చిన్న టిక్కు, ఎవరో గొళ్ళెం తీసినట్టు.
ఆ తర్వాత
ఏమీ ఉండకూడని ఆ సందులో
కొండకవతల గుర్రాలు.
కనబడవు. నేల మాత్రం చెబుతుంది.
సన్నగిల్లి, మళ్ళీ లబ్ దగ్గరికొచ్చేసరికి
దౌడు అందుకుంటాయి.

నుర్‌జామల్ మళ్ళీ పెట్టి చూసింది. లేదంది.
మరికాస్త అదిమింది. అస్సలు లేదంది.

"నొక్కావు. గంటని నొక్కితే కింద చర్మం డప్పులా బిగుస్తుంది,
లోగొంతుకలన్నీ మింగేస్తుంది.
నొక్కకు. ఆనించు.
నిద్రపోయే బిడ్డ నుదుట జ్వరం చూస్తాం చూడు, అలా."

చెయ్యి తేలికయింది.
కాసేపటికి కళ్ళు మూసుకుంది.
తెరిచాక నా వైపు చూడలేదు, కుర్రాడి పాదాల వైపు చూసింది.
మేజోడుకి చిల్లు.

బూబూసారాని అడిగాను, ఎప్పుడైనా కీళ్ళు వాచాయా?
లేదంది. జ్వరం, గొంతు నొప్పి? లేదంది.
మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదు, ఈసారి కోపంగా.
అప్పుడు తట్టింది, నేనూ నొక్కుతున్నానని.

టీ పోశాను. గిన్నెలో సగమే పోస్తాం మేం,
నిండా పోస్తే ఇక వెళ్ళమని అర్థం.
సగం తర్వాత సగం.
నాలుగో సగానికి తనే అంది:
"ముందటి చలికాలం గొంతు పట్టేసింది వాడికి.
తగ్గాక మోకాలు ఉబ్బింది, అది పోయి మణికట్టు.
గుర్రం మీంచి పడ్డాడనుకున్నాం.
వాడు పడలేదనే అన్నాడు."

నగరానికి ఉత్తరం రాశాను, ఎకో తీయించాలని.
నాలుగు వారాలకో పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి.
పందెం వద్దు.

గోడవైపు తిరిగి పడుకున్నాడు.
వీపు ఎముకలు లెక్కపెట్టొచ్చు.

"పైన గుడారాల దగ్గర సూది ఎవరేస్తారు?" అంది తల్లి.
నేనెక్కలేను, నా నడుము అందరికీ తెలిసిందే.
"నేనొస్తా" అంది నుర్‌జామల్.
కాసేపాగి, గొంతు తగ్గించి,
"నాకు గుర్రమెక్కడం రాదు."

గోడ వైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు.
"నేర్పిస్తాలే" అన్నాడు.
"నడకే కదా."