జాస్తి కన్నులు

మధ్యాహ్నం రెండు. వాల్తేరులో మేడ మీద గది.
వేట నిషేధం రోజులు, కరెంటు పోయిన పూట.
బోర్డు అడుగున అడ్డంగా ఒక గీత గీసి
"ఇది హద్దు, దీన్ని ఎవరూ చేరలేరు" అన్నాను.
పదకొండు మంది. ముగ్గురు నిద్రలో.

గీత వైపు నడిచేకొద్దీ అడుగు పొట్టిదవుతుంది,
కొలబద్దా మనతోపాటే పొట్టిదవుతుంది గనక
మోసం మనకు తెలియదు.
రెండు చోట్ల మధ్య దగ్గరి దారి
అర్ధవృత్తమై పైకి లేచి
గీతకు నిలువుగా దిగుతుంది.
ఎందుకంటే నా దగ్గర ఒక సమాకలని ఉంది.
బోర్డు నిండా రాశాను.

కిటికీ పక్కన మైలపల్లి నూకరత్నం
సముద్రం చూస్తోంది.
"ఒడ్డెంబడి ఎవరు తోలతారు మేష్టారూ?
అక్కడ కెరటం ఇరుగుద్ది, మూరెడు సాగితే పేణం పోద్ది.
బీమిలెల్లాలంటే మా అయ్య
ముందు లోపలికే పోతాడు, నీళ్లు నిమ్మళించిందాకా.
అక్కణ్ణించి తిప్పుకొస్తాడు.
ఒడ్డుకి ఎదురుగానే దిగాల,
ఏటవాలుగా వస్తే తెప్ప బోల్తా."

సుద్ద చేతిలోనే ఉండిపోయింది.
నిద్రలోంచి ఒకడు లేచి
"ఏటైంది?" అన్నాడు.

మర్నాడు గోనెసంచి తెచ్చింది.
ఎర్రయ్య పాడుచేసిన విసురువల.
నడిమి నుంచి అల్లుకుంటూ
వరసకి ఇన్నేసి కన్నులే పెంచాలట.
మాటల్లో పడి కన్నుకో కన్ను జాస్తీ యేసీసినాడట.

బల్ల మీద పరిస్తే పరుచుకోదు.
ఈ అంచు నొక్కితే ఆ అంచు లేస్తుంది
కోడిజుట్టు పువ్వులా.
బల్లదే తప్పని నాకు అనిపించింది.

ఈ వలకు అంచే లేదనుకోండి, అన్నాను.
ఈ ముడిని ఆ ముడి మీదికి జరిపితే
వల మొత్తం వల మీదే కూర్చోవాలి,
ముడి మీద ముడే పడాలి, సందులో పడకూడదు.
విచ్ఛిన్న సమూహం అంటే
తెగిపోయిందని కాదు,
ఎంత తిప్పినా ఇరుకుపడనిదని.
పైనుంచి చూసేవాడికి
ఒడ్డు దగ్గర ముడులన్నీ కిక్కిరిసి కనిపిస్తాయి.
లోపల బతికేవాడికి
ఎక్కడైనా జానెడే ఎడం.

నిద్రపోయేవాళ్లు ముగ్గురూ వల చుట్టూ ఉన్నారు.
ఒకడు ఏడేసి కన్నులు లెక్కపెడుతూ
వేలు ఇరికించుకున్నాడు.

శుక్రవారం ఎర్రయ్య కబురు:
"సూసీసినారా బాబూ? ఇచ్చీయండి.
ఇప్పుకుని మళ్లీ అల్లుకోవాల,
పదిహేనుకి వేట."

ఒక్క రాత్రి అడిగి ఉంచుకున్నాను.
వరండా గచ్చు మీద, మంచం మీద,
మెట్ల మీద పరిచి చూశాను.
మెట్ల మీద కొంచెం ఒదిగింది.

తెల్లారి మడత పెట్టబోయాను.
రాలేదు.
ఉండచుట్టి ఇచ్చేశాను.