మెట్ల కింద ఎండ

అల్లిపురం సందులో మూడంతస్తుల మేడ,
దాని మెట్ల కింద నా కుట్టు మిషను.
ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు,
వెనక్కి జరిగేకొద్దీ నెత్తి మీదికి దిగే కప్పు.
పైకి ఎవరెక్కుతున్నారో చెప్పుల చప్పుడుని బట్టి చెప్పగలను.
ఇందులోకి పచ్చగా ఏదైనా తెచ్చుకోవాలనిపించింది,
ఎందుకో అడక్కండి.

మొదట గులాబీ. వారం.
తర్వాత తులసి. వెలుగు కోసం మెడ సాచి సాచి
దారప్పోగులా సన్నబడి పోయింది.
మూడోదాని పేరు చెప్పను,
దాన్ని నీళ్ళు పోసి పోసి నేనే చంపాను.

హనుమంతవాక దాటాక రోడ్డు పక్క నర్సరీలో
సన్నిబాబు మొక్క చూపించలేదు, ప్రశ్నలేశాడు,
జాకెట్టు ముక్క కోసేముందు నేనడిగినట్టే:
"ఎండెంత పడతాదమ్మా మీ కాడ?
ఊరెల్తే ఎన్నాళ్ళుంటారు?
చెయ్యి ఊరుకోదా, రోజూ నీళ్ళోసే రకమా?"
మూడోదానికి తల దించుకున్నాను.
మొదటిదానికి నా దగ్గర జవాబే లేదు.
"కొల్చుకొని రండి" అన్నాడు, నవ్వుతూ.

కొలవడం ఒక్కటే కదా నాకొచ్చిన విద్య.
మర్నాడు పొద్దున్నించీ సుద్దముక్క పట్టుకు కూచున్నా.
ఎదురింటి నీళ్ళ ట్యాంకుకీ కేబుల్ తీగల గుత్తికీ నడుమనుంచి
మూడూ ఇరవైకి ఒక ముక్క జారిపడింది.
గీత గీశాను, టేపు పెట్టాను.
నలభై నిమిషాలు. కత్తెర మీదుగా పాకి, పోయింది.
కొలతల పుస్తకంలో ధనకుమారి గారి భుజం కింద రాసుకున్నాను:
ఎండ, పొడవు పదకొండు, వెడల్పు నాలుగున్నర.

పుస్తకం చూసి సన్నిబాబు ఈసారి నవ్వలేదు.
మనీప్లాంటు కొమ్మ కోసి ఊరికే ఇచ్చాడు, సీసాలో పెట్టుకోమని.
రంగుల ఆకులవాటి మీదికి నా చెయ్యి పోతే
"అయ్యి అలిగే రకమమ్మా, మీకొద్దు."
చివరికి కత్తుల్లాంటి ఆకులది తెచ్చి చేతిలో పెట్టాడు.
"స్నేకు ప్లాంటు. మరిచిపోతే బతుకుతాది."

స్నేకేమిటి, ఇది మా చాగకి చుట్టం కదా!
పద్మనాభం దగ్గర మా మేనత్త ఆ ఆకుల్ని దంచి, నార తీసి
మేకలకి పలుపులు పేనేది.
ఇప్పుడు నూట ఇరవై, తెల్ల కుండీతో.

"కుండీ చిన్నదైపోదా?" అంటే
"బిగువుగా ఉంటేనే దానికిష్టం" అన్నాడు.
రోజంతా నా పని కుట్లు విప్పి వదులు చెయ్యడం,
కాన్పు తర్వాత ఒకరికి, సెలవుల్లో ఎదిగిన పిల్లకి ఒకరికి.
ఇరుకులో హాయిగా ఉండేదాన్ని ఇన్నాళ్ళకి చూశాను.
లేక అది రెండోదేమో, మొదటిది నేనేమో.

పదిహేను రోజులకోసారి నీళ్ళు, వేలు పెడితే మట్టి పొడిగా తగిలాకే.
వానాకాలం అదీ వద్దు, సముద్రపు గాలికి
డబ్బాలో సూదులే తుప్పు పడతాయి ఈ ఊళ్ళో.
తుడవడం మాత్రం మానకూడదు.
పోర్టు వైపునుంచి వచ్చే నల్లపొడి
తెల్లబట్ట మీద వాలితే మాట పడేది నేను,
ఆకుల మీద వాలితే ఎవరూ ఏమీ అనరు.
లైనింగు పీలిక తడిపి, కింద నుంచి పైకి, ఒక్కో ఆకూ.
నల్లబడ్డ పీలిక చూసి
ఒకసారి అనుమానంగా దగ్గి చూసుకున్నాను.

ఎక్కువ ప్రేమించకుండా ఉండడం చాలా కష్టం.
నీళ్ళ సీసా దానంతటదే చేతిలోకి వస్తుంది.
అప్పుడు కాలు మిషను మీద వేసి
ఎవరిదో ఒక చీర అంచు కుట్టేస్తాను.

డిసెంబరుకి ఎండ జరిగింది,
సుద్దగీత ఒకచోట, వెలుగొకచోట.
కుండీని నాలుగంగుళాలు జరిపాను.

మొన్న ఫాల్ వేయించుకోడానికొచ్చిన వరహాలమ్మ గారు
"ఇదేటి, ఇక్కడ?" అంది.
మట్టి చీల్చుకుని, సూదిమొనలా.
వంగి టేపు పెట్టాను, అరంగుళం కూడా లేదు.
అయినా పుస్తకంలో కొత్త పేజీ తిప్పి,
పేరు దగ్గర ఏం రాయాలో తెలియక
తేదీ మాత్రం వేశాను.