బుడగ ఉండొద్దు

సీసా మూతి మీద
నీళ్లు ఉబ్బి నిలవాలె.
అప్పుడు మూత బిగించి, తలకిందులు చేసి
వేలితో కొట్టి చూడాలె.
ఆవగింజంత బుడగ కనబడ్డా
పారబోసి మళ్లీ మొదలు.
నేను వెతికేది ఆ బుడగలకే పారిపోతది.

బాలానగర్‌ల మూడో బోరు, ఖదీర్ సాబ్‌ది.
పావుగంట మోటరు నడిపించిన.
ఆయన స్టూలేసుకుని పక్కన కూసున్నడు.
"తేటగనే ఉన్నయి గద బేటా" అన్నడు.
తేటగనే ఉన్నయి.

ఇరవై రెండేండ్లు ఇత్తడి ముక్కలు కడిగిండు.
జాలిబుట్టల వేసి ఆవిరి తొట్టిలకు దించుడు, లేపుడు.
తుడవకుండనే ఆరేటివి.
తియ్యటి వాసన.
మొదట్ల అత్తరు లెక్క ఉండేదట,
తర్వాత వాసనే తెల్వకుండ పోయిందట.

పొద్దుమీకి సైకిలెక్కితే రోడ్డు ఊగేది.
రఫియా బీ నోరు వాసన చూసి గాని తలుపు తీసేది కాదు.
ఒట్టేసిండు. నమ్మలే.
ఒక్కనాడు, దోస్తు బలవంతానికి, ఒక్క గ్లాసు బీరు:
మొహమంతా ఎర్రటి మచ్చలు లేచినయి.
ఆ మందుకు, తొట్టిల ద్రవానికి పడదని
ఎవరు చెప్పాలె ఆమెకు?
మచ్చలే సాక్ష్యమైనయి.

వాడేసిన మడ్డి షెడ్డు ఎనక పోసేటోడు.
"ఎండకు ఎగిరిపోతదిలే" అన్నడు సూపర్‌వైజర్.
నిజమే, సగం.
మిగిలిన సగం
నూనె లెక్క తేలలే, ఉప్పు లెక్క కరగలే.
నీళ్ల కన్న బరువై నీళ్లను తోసుకుంట దిగి
ఈ ఊరి బండ పగుళ్లల్ల కూసున్నది.
రోజుకింత ఊటల కలుపుతది,
తొందర లేని షావుకారి.

షెడ్డు పోయి ఫంక్షన్ హాలు వచ్చింది.
బిర్యానీ డేగిశాలు ఆ నీళ్లతోనే కడుగుతరు.

కింద, గాలాడని చీకట్ల,
కంటికి కనబడని పురుగులు
దాని ఒంటి మీది క్లోరిన్లు ఊడబెరుకుతయి.
మూడు. రెండు. ఒకటి.
శుద్ధి అయితున్నదనుకుంటం.
ఆ ఒక్కటి మిగిలిన కాడ
తల్లిని మించిన బిడ్డ పుడతది.
ఇంకొక్కటి పీకితే విషం విరుగుతది గని
చానా సార్లు పని ఆన్నే ఆగుతది.

పోయిన రంజాన్‌కు ఒక కిడ్నీ తీసేసిన్రు.
దేనివల్లనో డాక్టరు చెప్పలే,
నేను కూడ చెప్పలేను.
ఆయన అడిగింది అది కాదు.

రఫియా బీ పోయి ఎనిమిదేండ్లు.
"బేటా, మీ రిపోర్టుల వస్తదా,
నేను తాగేటోన్ని కాదని?"

సీసా తలకిందులు చేసిన.
అంచున ఒక బుడగ.
పారబోసి
మళ్లీ పట్టిన.